మా రాణికి మారుమనువు కుదిర్చిన షాపు

జత పోయి ఒంటరిగా మిగిలిన క్లౌన్ ఫిష్‌కి (నారింజ రంగు మీద తెల్ల చారలుండే చిన్న సముద్రపు చేప) తోడు వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఈ షాపుకే వెళ్ళమంటాను. హైదరాబాద్‌లో ఉప్పునీటి చేపలు అమ్మేవాళ్ళే తక్కువ. అందులోనూ అమ్మేముందు "మీ దగ్గరున్నది ఆడదా, మగదా? ఎంత పొడుగుంటుంది?" అని అడిగినవాళ్ళు నాకు ఈ షాపు ఓనర్ ఒక్కరే కనిపించారు.

మాది అసెల్లారిస్ అనే రకం క్లౌన్ ఫిష్ జత. ఆడదాని పేరు రాణి, మూడంగుళాల పైనే ఉంటుంది. ఒక రాత్రి మగది మూత సందులోంచి బయటికి దూకేసింది. పొద్దున్న నేల మీద చూశాం. ఆ తరవాత రాణి తన అనిమోన్‌ని (క్లౌన్ ఫిష్ గూడులా వాడుకునే, పువ్వులా కనిపించే సముద్రజీవి) వదిలేసి ఫిల్టర్ పైపు వెనక్కి చేరింది. మైసిస్ రొయ్యలు వేస్తే ఎగబడి తినే చేప, ఒకటి రెండు ముక్కలు అందుకుని మళ్ళీ పైపు చాటుకి వెళ్ళిపోయేది. చేపే కదా అనేవాళ్ళు అననీ, నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

వేరే షాపుల్లో అడిగితే అందరిదీ ఒకటే మాట: "అదే సైజులో మంచి మగదాన్ని ఏరి ఇస్తాం మేడం." అది కుదిరే పని కాదు. క్లౌన్ ఫిష్‌లో పుట్టుకతో ఆడది ఉండదు. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడ, దాని తరవాతిది మగ, మిగతావి ఎదగకుండా అలా పిల్లలుగానే ఉంటాయి. ఆడది పోతే ఆ మగదే మెల్లగా ఆడగా మారుతుంది, దానికి నెలలు పట్టొచ్చు. ఒకసారి ఆడ అయ్యాక మాత్రం మళ్ళీ మగ కాదు. అందుకే ఇంట్లో మిగిలింది ఏదైనా సరే, తెచ్చేది దానికన్నా బాగా చిన్నదై ఉండాలి. సమానమైన సైజువి కలిపితే పెత్తనం కోసం కొట్టుకుంటాయి. రెండూ ఆడవే అయితే ఒకటి చచ్చేదాకా వదలవు.

ఈ షాపు ఓనర్‌కి ఇదంతా కొట్టిన పిండి. ఫోన్‌లో రాణి వీడియో చూపించమన్నారు, ట్యాంక్‌లో రాళ్ళు ఎలా పేర్చామో చూశారు, ఉప్పు ఎంత, అమ్మోనియా ఎప్పుడు చెక్ చేశారు అని అడిగారు. మా వారు ముచ్చటపడి ఒక పెద్ద చేపని చూపిస్తే, "వద్దు సార్, అది మీ రాణితో తలపడుతుంది, రెంటిలో ఒకటే మిగులుతుంది" అని అమ్మనన్నారు. దాని ధర చిన్నవాటికి రెండింతలు. అమ్మేసి చేతులు దులుపుకుంటే అడిగేవాళ్ళెవరు? అక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఇక్కడున్నవి సముద్రంలో వలేసి పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. క్లౌన్ ఫిష్‌ని గుడ్డు నుంచి పెంచే పద్ధతి మన దేశంలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు ఎప్పుడో సాధించారు, తమిళనాడులోని మండపం ఊళ్ళో, కేరళలోని విళింజంలో దాని మీద బాగా పని జరిగింది. ఇక సముద్రం నుంచి తేవడం ఎందుకని నా అభిప్రాయం. పైగా పట్టి తెచ్చినవాటిలో బ్రూక్లినెల్లా అనే జబ్బు ఎక్కువ. ఒంటి మీద తెల్లటి జిగురు పొరలా లేస్తుంది, ఊపిరాడక చూస్తుండగానే పోతాయి. కొత్త స్టాక్ వస్తే ఈయన వెనక గదిలో వేరే ట్యాంకుల్లో ఉంచి, జబ్బు లేదని తేలాకే ముందుకి తెస్తారు. ఆ గదిలో వలలు కూడా ట్యాంక్‌కి ఒకటి చొప్పున విడిగా తగిలించి ఉన్నాయి. అది చూసి ముచ్చటేసింది.

మేం ఎంచుకున్నది బొటనవేలి మొదటి కణుపంత బుడ్డోడు. ఒక పక్క నడుం మీది తెల్ల చార సగంలో ఆగిపోయింది, రెండో పక్క నిండుగా ఉంది. హేచరీ పిల్లల్లో ఇలాంటివి ఉంటాయి, ఆరోగ్యానికి ఏమీ కాదు. మేం చూస్తుండగానే మేత వేసి, తింటోందని నిర్ధారించుకున్నాకే కవర్లోకి తీశారు. ఎండాకాలం కదా అని థర్మోకోల్ డబ్బాలో పెట్టిచ్చారు. తమ ట్యాంక్ నీళ్ళ ఉప్పు కొలత (మంచినీళ్ళ సాంద్రత 1 అనుకుంటే) 1.022, మాది 1.025 కాబట్టి సన్న పైపుతో చుక్కచుక్కగా మా నీళ్ళు కలపమని, కవర్లోని నీళ్ళు మాత్రం మా ట్యాంక్‌లో పోయొద్దని రెండుసార్లు చెప్పారు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఆయన డిపాజిట్ కట్టించుకుని ఇచ్చిన చిల్లుల యాక్రిలిక్ పెట్టె. బుడ్డోణ్ణి అందులో ఉంచి రాణికి కనిపించేలా లోపల వేలాడదీశాం. మొదట్లో రాణి వచ్చి పెట్టెని ఢీ కొట్టేది. బుడ్డోడు వెంటనే పక్కకి ఒరిగి ఒళ్ళంతా గజగజ వణికించేవాడు. భయమేసి వాట్సాప్‌లో వీడియో పంపితే, "అది లొంగిపోయానని చెప్పడం అమ్మా, శుభం. పారిపోయి మూలన నక్కితేనే ఆలోచించాలి" అని జవాబిచ్చారు. కొన్నాళ్ళకి రాణి ఢీ కొట్టడం మానేసి పెట్టె పక్కనే పడుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఆయన చెప్పినట్టే రాళ్ళు కాస్త అటూ ఇటూ మార్చి, లైట్లు ఆర్పాక వదిలాం. మర్నాడు బుడ్డోడి తోక అంచు కొద్దిగా చిరిగింది, అంతకు మించి ఏమీ లేదు. ఇప్పుడు ఇద్దరూ అనిమోన్‌లోనే ఉంటున్నారు, రాణి కడుపునిండా తింటోంది. గుడ్లకి ఇంకా టైముంది, వాడు ఎదగాలి.

లోపాలూ చెప్పాలి. మిగతా చోట్లకన్నా చేపకి రెండు మూడు వందలు ఎక్కువ తీసుకుంటారు. చేసే పనికి అది న్యాయమే అనిపించింది. కానీ కలిపి అమ్మే ఉప్పునీళ్ళ డబ్బా ధర మరీ ఎక్కువ, ఆర్వో నీళ్ళు ఇంట్లో ఉంటే ఉప్పు కొనుక్కుని మీరే కలుపుకోండి. మూతకి వేసే జాలీ మాత్రం అక్కడే కొనండి, కొలత పంపితే కోసిస్తారు. పార్కింగ్ లేదు. ఆదివారం రద్దీలో కౌంటర్ దగ్గరుండే కుర్రాడికి ఇంకా అనుభవం చాలదు, నా ముందే ఒకరికి "మూడు తీసుకోండి, కళగా ఉంటాయి" అంటున్నాడు. చిన్న ట్యాంక్‌లో జత కుదిరాక మూడోదాన్ని ఆ రెండూ కలిసి బతకనివ్వవు. ఓనర్ ఈ సంగతి వాడికి నేర్పాలి.

మామూలు రోజు, ఓనర్ ఉన్నప్పుడు వెళ్ళండి. చిన్న సైజువి త్వరగా అయిపోతాయి కాబట్టి ముందు ఫోన్ చేయండి, మీ చేప వీడియో, ట్యాంక్ కొలతలు దగ్గరుంచుకోండి. ఐదుకి నాలుగున్నర స్టార్లు.