దంతాల సర్వేకి ఓడీకే కలెక్ట్: స్కూళ్ళలో వాడాక నా రివ్యూ

పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ పీజీలు థీసిస్ ముందు అందరూ అడిగేది ఒకటే, స్కూళ్ళలో దంతాల సర్వేకి కాగితాలు పట్టుకెళ్ళాలా, ట్యాబ్ పట్టుకెళ్ళాలా అని. నేనైతే ట్యాబే అంటాను, అందులో సర్వే ఫారాలు నింపే ఓడీకే కలెక్ట్ అనే యాప్ వేసుకోండి. ఆండ్రాయిడ్‌లో ఉచితం. 2008లో అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదలైన ప్రాజెక్టు ఇది. నెట్ లేకపోయినా ఫారాలు నింపుకుని, సిగ్నల్ దొరికాక పంపుకోవచ్చు. ఆ ఫారాలు చేరే సర్వర్ మాత్రం మనమే పెట్టుకోవాలి, లేదా డబ్బు కట్టి వాళ్ళ క్లౌడ్ తీసుకోవాలి, కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో ఎవరు చూసుకుంటారో ముందే అడగండి.

అసలు కష్టమంతా పళ్ళ చార్టు దగ్గరే. డాక్టరు నోట్లో అద్దం పెట్టి "వన్ సెవెన్ జీరో, వన్ సిక్స్ వన్" అని (అంటే 17వ నంబరు పన్నుకి కోడ్ 0, బాగుంది; 16కి కోడ్ 1, పిప్పి ఉంది) చెప్పుకుంటూ పోతారు, పై దవడ కుడి నుంచి ఎడమకి, తర్వాత కింద ఎడమ నుంచి కుడికి, పక్కన కూర్చున్న రికార్డర్ అదే వేగంతో కొట్టాలి. ఫారంలో ప్రశ్నలు ఆ వరుసలో లేకపోతే వెతుక్కునేలోపు మూడు పళ్ళు దాటిపోతాయి. దీనికి 'క్విక్' అనే సెట్టింగ్ ఉంది, కోడ్ మీద నొక్కగానే తర్వాతి పన్ను ప్రశ్న దానంతట అదే వచ్చేస్తుంది. నాకు ఈ యాప్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. కాకపోతే వేలు పక్క కోడ్ మీద పడినా అంతే వేగంగా ముందుకెళ్ళిపోతుంది, అందుకే ఒక్కో దవడ అయ్యాక రికార్డర్ పైకి చదివి వినిపించడం తప్పనిసరి చేయండి.

ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో పాలపళ్ళు, శాశ్వత పళ్ళు కలిసి ఉంటాయి. డబ్ల్యూహెచ్‌ఓ పద్ధతిలో పాలపళ్ళకి ఏ, బీ, సీ అక్షరాలు, శాశ్వత పళ్ళకి అంకెలు. అందుకని అంకెల కీబోర్డు పెట్టకండి, బటన్లే పెట్టండి. పన్నెండేళ్ళ పిల్లలకి జ్ఞానదంతాల ప్రశ్నలు అసలు కనిపించకుండా ఆపేయొచ్చు. డీఎంఎఫ్‌టీ (పిప్పిపట్టినవి, పోయినవి అంటే ఎమ్, నింపినవి కలిపిన శాశ్వత పళ్ళ లెక్క) కూడా ఫారమే లెక్కకడుతుంది, కానీ ఆ సూత్రం రాసేది మనమే: 30 ఏళ్ళ లోపు వాళ్ళకి పిప్పి వల్ల పోయిన పన్ను, అంటే కోడ్ 4 మాత్రమే ఎమ్ కిందికి వస్తుంది, 30, ఆపైన వాళ్ళకి 4తో పాటు 5 (వేరే కారణంతో పోయిన పన్ను) కూడా వస్తుంది. బ్రేసుల కోసం తీయించుకున్న ప్రీమోలార్లు (కోరపళ్ళ వెనకవి) 4లో పడ్డాయంటే స్కూలు మొత్తం లెక్క పెరిగిపోతుంది! కాగితం మీద ఆ తేడా ఎక్సెల్‌లో కొట్టేదాకా కనబడదు. ఇక్కడైతే 4 కొట్టగానే "పిప్పి వల్లేనా?" అని అడిగేలా పెట్టుకోవచ్చు.

నల్గొండ వైపు ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద వచ్చే మచ్చలు) చూడటానికి వెళ్ళేవాళ్ళు ఫొటో ప్రశ్న ఒకటి జోడించండి. దాని తీవ్రతని కొలిచే డీన్స్ ఇండెక్స్‌లో అనుమానమొస్తే థీసిస్ గైడ్‌కి చూపించి తేల్చుకోవచ్చు. తల్లిదండ్రుల అనుమతి పత్రంలో ఫొటో సంగతి విడిగా రాయించుకోండి, ముఖం పడనీయకండి.

యాప్ కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ట్యాబే. తక్కువ ధరకి వస్తోందని కొన్నది, కిటికీ పక్కన వెలుతురులో స్క్రీన్ కనబడేది కాదు, మధ్యాహ్నానికే చార్జింగ్ అడిగేది. పవర్ బ్యాంక్ బ్యాగులో ఉండాల్సిందే. ట్యాబ్‌ని జిప్ కవర్‌లో పెట్టి వాడండి, గ్లవ్స్ వేసుకున్న చెయ్యి దాన్ని ముట్టుకోకూడదు. అంటే ఇద్దరు లేకుండా ఈ సర్వే కుదరదు, ఒక్కరే చూస్తూ ఒక్కరే కొట్టాలనుకునే వాళ్ళకి ఈ యాప్ పనికిరాదు.

ఇంకొకటి, పంపని ఫారాలు ఉండగా యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు, అవన్నీ దాంతోపాటే పోతాయి. రోజూ స్కూలు గేటు దాటే ముందే పంపేయండి, సిగ్నల్ లేకపోతే రూముకి వెళ్ళగానే పంపండి.