రేణిగుంట నుంచి తిరుపతికి: బస్సా, షేర్ ఆటోనా, సొంత బండా?

రేణిగుంటలో కాపురం, తిరుపతిలో ఉద్యోగం. పోను పది, రాను పది కిలోమీటర్లు. ఈ దారిన రోజూ తిరిగేవాళ్లు చాలామంది బండే చవకంటారు. లెక్కా చెప్తారు: లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి, లీటరు 110 రూపాయలనుకుంటే, రోజుకు 44 రూపాయలు.

అందులో పెట్రోలు తప్ప ఇంకేమీ లేదు. లక్షకు కొన్న బండి పదేళ్లు నడిస్తే, ఏడాదికి 300 పనిదినాల చొప్పున రోజుకు మరో 33. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లకు ఏడాదికి ఐదు వేలు వేసుకున్నా మొత్తం 90 దాటుతుంది. కానీ ఆ బండిని ఇంటి ముందు పెట్టుకుని బస్సెక్కినా ఇన్సూరెన్సు కట్టాల్సిందే, ఏడాదికేడాది రేటు పడిపోవాల్సిందే. అందుకని ఉన్న బండి తీసేవాళ్లు పెట్రోలు ఒక్కటే చూసుకోవడంలో తప్పులేదు. అసలు బస్సా బండా అనేది షోరూంలో సంతకం పెట్టిన రోజే తేలిపోతుంది.

షేర్ ఆటో చెయ్యెత్తిన చోట ఆగుతుంది, దాని బలమంతా అదే. అయితే బయలుదేరే చోట సీట్లు నిండేదాకా కదలదు. స్టాపులో కాయాల్సిన కాపు ఆటోలో కూర్చుని కాస్తాం. చివర ఎక్కినవాళ్లకి డ్రైవరు పక్కన సగం సీటు, ఒక కాలు బయట. డబ్బులు మాత్రం అందరితో సమానం.

బస్సు ఇబ్బంది టికెట్టు కాదు, అది ఎప్పుడొస్తుందో తెలియక కాచుకోవడం. దీన్ని లెక్కగట్టి చూపించినాయన అమెరికా ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్, 2000లో నోబెల్ అందుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో మొదలైన బార్ట్ అనే లోకల్ రైలుకు, పనులకు పోయేవాళ్లలో 15 శాతం మంది వస్తారని అధికారులు ముందే అంచనా కట్టారు. నడక, ఎదురుచూపు కూడా లెక్కలో వేసుకుని ఆయన బృందం 6.3 అంది. వచ్చింది 6.2. బస్సులోనో రైల్లోనో కూర్చున్న పది నిమిషాలకన్నా స్టాపుదాకా నడిచి, నిలబడి ఎదురుచూసిన పది నిమిషాలే జనానికి భారమని ఇలాంటి లెక్కలు చెప్తాయి. మన రేణిగుంట రోడ్డు మీద మే నెల ఎండలో నిలబడ్డవాళ్లకి ఇది నోబెల్ ఇచ్చి చెప్పాల్సిన సంగతి కాదు!

రైలు చవకే, మన ఆఫీసు టైముకు కుదిరితే.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఇంటి లెక్క మారింది. అంతకుముందు భార్యాభర్తలిద్దరూ తిరుపతిలోనే పనిచేస్తుంటే రెండు టికెట్లకన్నా ఒకే బండి మీద పోవడం మేలుగా ఉండేది. ఇప్పుడు ఆమె ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తాడు. దాంతో ఆయన బండి మూలన పడదు, ఆ 44 రూపాయలూ తగ్గవు. తగ్గేదల్లా ఆమెకని కొందామనుకున్న రెండో స్కూటీ అవసరం.

నన్నడిగితే, ఇల్లు మెయిన్ రోడ్డుకు ఐదు నిమిషాల నడకలో ఉండి, పని పగటిపూటదైతే రెండో బండి వద్దు. బస్సు ఆలస్యమైన రోజు షేర్ ఆటో ఎక్కినా నెలకు ఈఎంఐ అంత కాదు. గాజులమండ్యం వైపు లోపలెక్కడో ఇల్లుండి, రాత్రి షిఫ్టు దిగి రావాల్సిన మనిషైతే మాత్రం టికెట్టు ఉచితమన్నా స్కూటీ కొనడమే మేలు.