పింక్ డబ్బా మీద కిరీటం ఉంది, లోపల కెమిస్ట్రీ సగమే ఉంది

మేముండేది వర్జీనియాలో, మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. రెండు వారాల కింద అది కెమిల్ ష్రైర్ వీడియో చూసింది, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే పాట, "అమ్మా, నాకూ ఆ నురగ కావాలి" అని. ఆన్‌లైన్‌లో వెతికి, సీసాలోంచి అలా నురగ పొంగించే "ఎలిఫెంట్ టూత్‌పేస్ట్" ప్రయోగం కిట్ ఒకటి తెప్పించాను. ట్యాక్స్‌తో కలిపి 27 డాలర్ల చిల్లర అయింది. కంపెనీ పేరు రాయట్లేదు, ఇలాంటి పింక్ డబ్బాలు చాలా కంపెనీలవి కనిపిస్తున్నాయి, ఏది కొన్నా ఈ విషయాలు చూసుకుని కొనండి.

కెమిల్ గురించి తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. మిస్ అమెరికా 2020 ఆవిడే. 2019 డిసెంబర్ 19న కనెటికట్‌లోని మోహిగన్ సన్ అనే రిసార్ట్‌లో మిస్ వర్జీనియాగా స్టేజీ ఎక్కింది. టాలెంట్ రౌండ్ అంటే మామూలుగా పాట, డాన్సు, పియానో. ఈ అమ్మాయి ల్యాబ్ కోటు వేసుకొచ్చి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని (గాయాలు కడగడానికి ఫార్మసీలో అమ్మే ద్రవం) ఉత్ప్రేరకంతో, అంటే క్యాటలిస్ట్‌తో, విడగొట్టి చూపించింది, పెద్ద ఫ్లాస్కుల్లోంచి రంగురంగుల నురగ ఎగజిమ్మింది. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఆ కాస్త టైములోనే ఏం జరుగుతోందో నోటితో చెప్పింది కూడా. వర్జీనియా టెక్‌లో బయోకెమిస్ట్రీ, సిస్టమ్స్ బయాలజీ రెండు డిగ్రీలు చేసింది, కిరీటం వచ్చేనాటికి వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీలో ఫార్మసీ డాక్టరేట్ చదువుతోంది. స్విమ్‌సూట్ రౌండ్ తీసేయబట్టే మళ్ళీ పోటీల వైపు వచ్చానని చెప్పింది. గెలిచినందుకు 50,000 డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చింది. కోవిడ్ వల్ల మరుసటి ఏడాది పోటీ జరగక రెండేళ్ళు ఆవిడే మిస్ అమెరికాగా ఉండిపోయింది.

సైన్స్ చదివి ఈ కిరీటం పెట్టుకున్నది ఆవిడ ఒక్కతే కాదు లెండి. మన నీనా దావులూరి ఉంది కదా, విజయవాడ మూలాలున్న అమ్మాయి, మిస్ అమెరికా 2014. మిషిగన్‌లో మెదడు, ప్రవర్తనకి సంబంధించిన సైన్స్ చదివింది, స్టేజీ మీద మాత్రం బాలీవుడ్ డాన్స్ చేసింది. మిస్ అమెరికా 2023 గ్రేస్ స్టాంకీ అప్పట్లో న్యూక్లియర్ ఇంజనీరింగ్ విద్యార్థిని, ఆవిడ వయొలిన్ వాయించింది. ఇద్దరూ నాకిష్టమే. కానీ చదువునే టాలెంట్‌గా పట్టుకుని స్టేజీ ఎక్కిన కెమిల్ మా పిల్ల మీద చేసిన పని వేరే. డాన్స్ చూస్తే బాగుందంటుంది, నురగ చూసి "ఎందుకలా వచ్చింది?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుందనే నేను కిట్ కొన్నాను.

ఇప్పుడు డబ్బా సంగతి. పింక్ రంగు, మీద కిరీటం బొమ్మ, మెరుపులు. పింక్ మీద నాకే కంప్లైంటూ లేదు, మా అమ్మాయికి నచ్చింది, నాకూ నచ్చింది. లోపల ఒక ప్లాస్టిక్ సీసా, గరాటు, ఈస్ట్ పొట్లాలు నాలుగు, మూడు ఫుడ్ కలర్లు, చిన్న సోపు ట్యూబు, కళ్ళద్దాలు ఒకటి, కిరీటం స్టిక్కర్లు, ఒక కాగితం. హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం రాదు, మనమే ఫార్మసీలో కొనుక్కోవాలి, ఆ సంగతి డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. ముందుభాగంలోనే పెద్దగా వేసి ఉంటే ఆ రోజు పిల్లని ఏడిపించి మళ్ళీ షాపుకి పరిగెత్తే పని ఉండేది కాదు. మూడు శాతం పెరాక్సైడ్ ఉండే సీసా రెండు డాలర్లలోపే దొరికింది. గోధుమరంగు సీసాలోనే అమ్ముతారు, ఎందుకంటే వెలుతురు తగిలితే అది మెల్లగా తనంతట తానే నీళ్ళు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. మా ఇంట్లో కెమిస్ట్రీ క్లాసు ఆ సీసా రంగు దగ్గరే మొదలైంది, కాగితంలో మాత్రం ఆ ముక్క లేదు.

కళ్ళద్దాలు పెద్దవాళ్ళ సైజు. పిల్లలకని అమ్మే కిట్‌లో ఇదేం పని? ఎలాస్టిక్ వెనక్కి లాగి జడ రబ్బరుబ్యాండుతో ముడేస్తే గానీ దాని ముక్కు మీద నిలవలేదు. గ్లవ్స్ అసలే లేవు. మూడు శాతమే అయినా నురగలో విడిపోకుండా మిగిలిన పెరాక్సైడ్ కొంత ఉంటుంది, చేతికి పుండో గీరో ఉంటే మండుతుంది, గ్లవ్స్ వేయడమే మంచిది.

మొదటిసారి నురగ రాలేదు. కాగితంలో ఈస్ట్‌ని "వేడి నీళ్ళలో" కలపమని ఉంది. మా అమ్మాయి తు.చ. తప్పకుండా పాటించే రకం, కెటిల్లో మరిగిన నీళ్ళే అడిగింది, నేనూ ఆలోచించకుండా పోసిచ్చాను. సీసాలో పెరాక్సైడ్, సోపు, రంగు వేసి గరాటులోంచి ఈస్ట్ నీళ్ళు వంచితే నాలుగు బుడగలొచ్చి ఆగిపోయాయి. పిల్ల మొహం వాడిపోయింది. "నేనేమైనా తప్పు చేశానా అమ్మా?" అంది. నాకు కడుపులో దేవినట్టయింది. అది తప్పేమీ చేయలేదు, కాగితం రాసినవాళ్ళు తప్పు చేశారు. ఈస్ట్‌లో క్యాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పెరాక్సైడ్‌ని నీళ్ళు, ఆక్సిజన్‌గా విడగొట్టేది అదే, ఆ ఆక్సిజన్ సోపులో బుడగలై నురగవుతుంది. ఎంజైమ్ అంటే ప్రోటీన్, గుడ్డు ఉడికితే తెల్లసొన ఎలా గట్టిపడి మళ్ళీ మామూలు కాదో, మరిగే నీళ్ళలో దీని ఆకారం కూడా అలాగే చెడిపోతుంది, ఇక పని చేయదు. "గోరువెచ్చని" అన్న ఒక్క మాట రాసుంటే సరిపోయేది.

రెండో పొట్లం గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఐదు నిమిషాలు ఆగాం. ఈసారి సీసా మూతిలోంచి గులాబీ రంగు నురగ మెల్లగా తల బయటపెట్టి, లావుగా పాములా వంగి, సింకులోకి జారింది. అరుపులు, చప్పట్లు! కెమిల్ ఫ్లాస్కుల్లోలాగా పైకి ఎగజిమ్మదు, అలా ఎగజిమ్మాలంటే ల్యాబుల్లో 30 శాతం దాకా ఉన్న పెరాక్సైడ్ వాడతారు, అది చర్మాన్ని కాలుస్తుంది, ఇంటికి తేకూడని సరుకు. డబ్బా మీద బొమ్మలో నురగ సీలింగ్‌దాకా లేచినట్టు వేశారు, అది చూసి కొంటే పిల్లలు డీలాపడతారు. సీసా పట్టుకున్న మా అమ్మాయి "అమ్మా, వెచ్చగా ఉంది, మనం స్టవ్ పెట్టలేదు కదా" అంది. పెరాక్సైడ్ విడిపోయేటప్పుడు వేడి బయటికొస్తుందని చెప్పాను. కాగితంలో ఇదీ లేదు.

నాకు బాగా కోపం తెప్పించింది చివరి లైను. నురగ ఆగాక అంతా పారబోయండి అని రాశారు. పారబోయకండి! ఆ సీసాలోనే ఇంకాస్త పెరాక్సైడ్ పోయండి, మళ్ళీ నురగొస్తుంది. ఈస్ట్ కొత్తది వేయక్కర్లేదు. ఉత్ప్రేరకం అంటే ఇదే కదా, పని చేయిస్తుంది, తను ఖర్చయిపోదు. స్టేజీ మీద కెమిల్ చూపించిన విషయం మొత్తం ఆ రెండోసారి పోయడంలో ఉంది, కిట్‌వాళ్ళు సరిగ్గా అక్కడే పారబోయమన్నారు. మూడో పొట్లం నా సొంత ప్రయోగానికి వాడాం. గాజు గ్లాసులో సోపు లేకుండా పెరాక్సైడ్, ఈస్ట్ కలిపి, అగరుబత్తి వెలిగించి మంట ఆర్పి, ఎర్రటి నిప్పుకొనని గ్లాసు లోపలికి, నీళ్ళకి తగలకుండా దించాను. నిప్పు ఒక్కసారిగా తెల్లగా మెరిసి చిన్న మంటయింది. ఆక్సిజన్ కంటికి కనిపించదు కానీ అక్కడ ఉందని పిల్లకి అర్థమైపోయింది. ఇది పెద్దవాళ్ళు మాత్రమే చేయండి, జుట్టు వెనక్కి కట్టుకోండి.

ఇంకో లోపం కూడా చెప్పి తీరాలి. మిస్ అమెరికాగా కెమిల్ ఎత్తుకున్న పని మందుల భద్రత, దానికి ఆవిడ పెట్టుకున్న పేరు "మైండ్ యువర్ మెడ్స్". ఈ కిట్ కోసం ఫార్మసీ సీసా ఇంటికొస్తుంది, అది పిల్లల చేతికి అందకుండా పెట్టమని గానీ, తాగకూడదని గానీ, మిగిలింది వేరే సీసాలో పోయొద్దని గానీ కాగితంలో ఎక్కడా లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది చిన్న విషయం కాదు. వేడి నీళ్ళ సంగతీ ఇదీ రెండూ కంపెనీకి మెయిల్ పెట్టాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది, తర్వాత కొనేదాని మీద పది శాతం కూపన్ ఇచ్చారు. కాగితం మారుస్తారా అంటే దానికి జవాబు లేదు. నాకు కూపన్ వద్దు, కాగితం మార్చండి చాలు.

ఐదుకి రెండున్నర ఇస్తున్నాను. సీసా, గరాటు బాగున్నాయి, గట్టివి, మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. ఖాళీ వాటర్ బాటిల్, వంటింట్లో ఈస్ట్, గిన్నెల సోపు ఉన్నవాళ్ళకి కిట్ అక్కర్లేదు, పెరాక్సైడ్ ఒక్కటి తెచ్చుకుంటే ఇదంతా చాలా తక్కువలో అయిపోతుంది. బహుమతిగా ఇవ్వాలనుకుంటే కొనండి, కానీ పిల్లల సైజు కళ్ళద్దాలు, గ్లవ్స్ విడిగా కొని, "గోరువెచ్చని నీళ్ళు" అని మీ చేత్తో ఒక చీటీ రాసి లోపల పెట్టండి. మా ఇంట్లో ఒక పొట్లం మిగిలింది. దాన్ని ఫ్రిజ్ నీళ్ళలో కలిపితే నురగ ఎంత సేపటికొస్తుందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడాలట, శనివారం దాకా ఆ పొట్లం ఎవరూ ముట్టుకోకూడదని దాని మీద తన పేరు రాసుకుంది.