లేకర్స్ జెర్సీ మీద పేరు మార్పించాను: ఆర్టీషియా టైలర్ ఆంటీకి నాలుగు స్టార్లు

లాస్ ఏంజెలెస్ దగ్గర ఆర్టీషియాలో పయనీర్ బులెవార్డ్ మీద చీరల షాపుల మధ్య ఇరుక్కుని ఉన్న ఆల్టరేషన్ షాపు ఇది. బోర్డు మీద ఫాల్, పీకో, బ్లౌజులు, ప్యాంటు పొడవు తగ్గింపు అని మాత్రమే ఉంటుంది. జెర్సీల సంగతి ఎక్కడా రాసి ఉండదు. మా ఆవిడ బ్లౌజులు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు, లోపల ఏదో స్కూలు టీమ్ జెర్సీలు వరసగా వేలాడుతుంటే చూసి అడిగాను. "పేర్లా? కుడతాం అబ్బయా, తెచ్చియ్యి" అన్నారు ఆంటీ. నెల్లూరు మనిషని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

నాది అడిడాస్ స్వింగ్‌మన్ రకం జెర్సీ, లాస్ ఏంజెలెస్ బాస్కెట్‌బాల్ జట్టు లేకర్స్ పసుపు రంగుది, వెనక ఆటగాడి పేరు ఆర్టెస్ట్, నంబర్ 15. ప్రింటు వేసింది కాదు, అక్షరాలు కుట్టినది. 2010లో సెల్టిక్స్‌తో ఫైనల్స్ ఏడో గేమ్ చూశాక కొన్నాను. ఆ రాత్రి లేకర్స్ స్టార్ కోబీ బ్రయంట్ 24 షాట్లు వేస్తే 6 పడ్డాయి. రాన్ ఆర్టెస్ట్ మాత్రం 20 పాయింట్లు కొట్టాడు, 5 స్టీల్స్ చేశాడు (అవతలివాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కున్నాడు), ఆఖర్లో గేమ్‌ని లాగేసుకున్న త్రీ పాయింటర్ కూడా అతనిదే. 83-79. గెలిచాక టీవీలో తన సైకియాట్రిస్టుకి థాంక్స్ చెప్పాడు. 2004లో డెట్రాయిట్ దగ్గర ప్రేక్షకుల్లోకి దూకి కొట్టి, 86 గేములు సస్పెండ్ అయిన మనిషి ఇతనేనా అనిపించింది. ఆ ఛాంపియన్‌షిప్ ఉంగరాన్ని కూడా మానసిక ఆరోగ్యం కోసం లాటరీలో పెట్టేశాడు.

జెర్సీ కొని నిండా రెండేళ్ళు కాకముందే ఆయన పేరు మారిపోయింది. 2011 సెప్టెంబర్‌లో కోర్టు ఒప్పుకుంది: మెట్టా వరల్డ్ పీస్. అంతకుముందు నెలలోనే అయిపోవాల్సింది కానీ, కట్టని ట్రాఫిక్ టికెట్లు ఉన్నాయని వాయిదా పడింది. ప్రపంచ శాంతికి ట్రాఫిక్ టికెట్లు అడ్డం! ఆ వార్త చదివి మా గ్రూపులో నవ్వని వాడు లేడు. తర్వాత 2012 ఏప్రిల్‌లో డంక్ కొట్టి సంబరంలో మోచేతితో అవతలి జట్టు ఆటగాడు జేమ్స్ హార్డెన్ తలమీద ఒక్కటిచ్చి, ఏడు గేములు సస్పెండ్ అయ్యాడు. ఇక చూడండి, "వరల్డ్ పీస్ కొట్టాడు" అన్న జోకు వేయని వాళ్ళు లేరు. పాత పేరుతోనే ఆ పని చేసుంటే అన్ని జోకులు వచ్చేవా అని నాకు అనుమానమే.

ఫ్యాన్స్‌కి ఇందులో ఇంకో బాధ ఉంది. పేరు వాళ్ళది, డబ్బు మనది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో చాడ్ జాన్సన్ తన నంబర్ 85 అని 2008లో ఇంటిపేరుని ఓచోసింకోగా (స్పానిష్‌లో ఎనిమిది, ఐదు) మార్చుకున్నాడు. ఆ సీజన్‌లో జెర్సీ మీద మాత్రం ఆ పేరు వేసుకోలేకపోయాడు. జెర్సీలు చేసే రీబాక్ దగ్గర జాన్సన్ అని రాసినవి అమ్ముడుపోకుండా ఉన్నాయి, ఆ నష్టం ముందు కట్టమన్నారు. 2009లో గానీ వేసుకోలేదు. 2012లో మళ్ళీ జాన్సన్ అయిపోయాడు. కంపెనీ స్టాకు గురించి అడిగేవాళ్ళు ఉన్నారు, అల్మరాలో నా ఒక్క జెర్సీ గురించి ఎవరు అడుగుతారు? అందుకే ఇన్నాళ్ళు అలాగే మడతపెట్టి ఉంచాను. మా అబ్బాయి బాస్కెట్‌బాల్ చూడడం మొదలుపెట్టి "ఆర్టెస్ట్ ఎవరు?" అని అడిగాక, ఆయన కోరుకున్న పేరుతోనే చూపించాలనిపించింది.

సరే, పని సంగతికి వస్తాను. ఆంటీ జెర్సీని తిరగేసి కుట్లు చూసి, "ఇది న్యూమరాలజీనా?" అన్నారు. కాదని చెబితే, "మరి ఉన్న పేరుకేమైంది?" అన్నారు. చెప్పాను. "మంచి పేరే పెట్టుకున్నాడులే" అని టేపు తీశారు. జెర్సీ మీద ఉండేది ఇంటిపేరే, అయినా ఇంగ్లీషులో ఆరక్షరాల (ARTEST) చోట పదక్షరాలు (WORLD PEACE), మధ్యలో ఖాళీ. అదే సైజులో పెడితే చంకల దాకా పోతాయి, కాబట్టి అక్షరాలు సన్నవి తెప్పించాలన్నారు. పాత అక్షరాలు విప్పితే ఇంకో తలనొప్పి. అక్షరాల కింద ఉన్న బట్ట ఎండ తగలక, ఉతుకు తగలక కొత్తదిలా ఉంది. చుట్టూ వెలిసిపోయింది. పేరు తీసేసినా ఆర్టెస్ట్ అని చక్కగా చదవచ్చు. సూది రంధ్రాలు కూడా వరసగా ఉన్నాయి. ఆవిరి ఇస్త్రీతో జిగురు వదిలించారు గానీ నీడ పోలేదు.

దానిమీద పసుపు పట్టీ వేసి కప్పుదామని ఆవిడ దగ్గరున్న బట్టలు పెట్టి చూశారు. ఏది పెట్టినా ప్యాచ్ వేసినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అప్పుడు ఆవిడ నన్ను జెర్సీ వేసుకుని నిలబడమన్నారు. నా ఎత్తుకి అది తొడల దాకా వస్తుంది. "ఇంత పొడవు నీకెందుకు" అని, కింద అంచు పైనుంచి ఒక పట్టీ కత్తిరించి, ఆ పట్టీనే వెనక పేరు కింద వేశారు. అదే జెర్సీ, అన్నేళ్ళు ఉతికిన బట్టే, కాబట్టి రంగు అచ్చంగా కలిసిపోయింది. ఆ నెట్ బట్ట సాగకుండా లోపల పల్చటి కాన్వాస్ అంటించారు. అంచు మళ్ళీ మునుపటిలాగే కుట్టేశారు. లేకర్స్ స్టోర్లో అడిగినా ఈ ఐడియా ఎవరూ ఇవ్వరు. ఐదో స్టార్ దీనికే ఇచ్చేవాణ్ణి.

ఎందుకు ఇవ్వలేదంటే, ఖాళీ. తెచ్చుకుని చూస్తే వరల్డ్‌కీ పీస్‌కీ మధ్య చోటే లేదు, వరల్డ్‌పీస్ అని ఒకే మాటలా ఉంది. వెనక్కి పట్టుకెళ్ళాను. మొత్తం విప్పితే పట్టీ మీద రంధ్రాలు పడతాయని, రెండో మాటను మాత్రం పక్కకి జరిపి కుట్టారు. ఇప్పుడు ఖాళీ బాగుంది కానీ ఆఖరి అక్షరం కుడి చంక కుట్టుకి ఆనుకుని ఉంది. చెయ్యెత్తితే ముడత పడుతుంది. పేరు పక్కకి జరిగిన సంగతి గోడకి తగిలించే వాళ్ళకి తెలుస్తుంది, వేసుకునే వాళ్ళకి తెలియదు. దీపావళి ముందు వెళ్ళకండి, ఆవిడకి ఊపిరి ఆడదు. శని, ఆదివారాలు ఆ వీధిలో పార్కింగ్ దొరకదు. క్యాష్ మాత్రమే.

లేకర్స్ ఆడే స్టేపుల్స్ సెంటర్‌కి వేసుకెళ్ళాను. (2021 చివర్లో దాని పేరు క్రిప్టో డాట్ కామ్ అరీనా అయింది, నేను పలకను. ఆటగాడు తన పేరు తను మార్చుకోవడం వేరు, ఒక కంపెనీ డబ్బిచ్చి బిల్డింగు పేరు కొనడం వేరు.) వెనక వరసలో పెద్దాయన ఒకరు నా వీపు చదివి, "రాన్‌ని మర్చిపోలేను" అన్నారు. ఆయనకి ఇష్టమైన ఆటగాడే, కానీ కొత్త పేరు ఒక్కసారి కూడా నోటికి రాలేదు. పక్కనున్న కుర్రాడికి పాత పేరు తెలియనే తెలియదు. నాతో వచ్చిన హైదరాబాదీ ఫ్రెండ్‌కి ఇదంతా వింతగా ఉంది. "పాకిస్తాన్ క్రికెటర్ యూసుఫ్ యోహానా 2005లో మహమ్మద్ యూసుఫ్ అయ్యాడు, 2006లో టెస్టుల్లో 1788 పరుగులు కొట్టాడు. ఇంకెవడు పాత పేరుతో పిలుస్తాడు?" అన్నాడు. నిజమే. స్కోరు బోర్డు ఏడాదిపాటు రోజూ చదివిస్తే ఏ పేరైనా అలవాటవుతుంది. మెట్టాకి కొత్త పేరుతో అలాంటి ఏడాది రాలేదు. 2013లో లేకర్స్ వదిలేశారు, మళ్ళీ 2015లో వచ్చేసరికి ఎక్కువ బెంచీ మీదే కూర్చున్నాడు.

రేటు: పాతవి విప్పడానికి 15 డాలర్లు, పట్టీకి 10, అక్షరానికి 3. మొత్తం 55. సర్దుబాటుకి మళ్ళీ డబ్బులు అడగలేదు. విప్పిన ఆరక్షరాలూ చిన్న కవర్లో పెట్టి ఇచ్చారు, "మళ్ళీ మనసు మారితే పనికొస్తాయి" అని. 2020లో నిజంగానే మారిందని, భార్య ఇంటిపేరు కలుపుకుని ఇప్పుడు మెట్టా శాండిఫోర్డ్-ఆర్టెస్ట్ అయ్యాడని చెప్పాను. ఆంటీ ఆ పేరుని ఇంగ్లీషులో కాగితం మీద రాయించుకుని, టేపు జెర్సీ వెనక పరిచి లెక్కేశారు. ఆరు మన దగ్గరే ఉన్నాయి, ఇంకో తొమ్మిది కావాలి, ఎక్స్‌ఎల్ మీద ఒక్క వరసలో పట్టదు, రెండు వరసలైతే కుడతానన్నారు. మధ్యలో గీతకి డబ్బులు తీసుకోరట.