ఆర్కిడ్ రిజిస్టర్ వాడేవాళ్ళకి నా రివ్యూ (4/5)

ట్యాగ్ మీద పేరు చూసి ఆర్కిడ్ కొనేముందు ఒక్కసారి బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళ ఆర్కిడ్ రిజిస్టర్‌లో వెతకండి, ఫ్రీనే. హైబ్రిడ్ల పేర్లు ప్రపంచం మొత్తానికీ అధికారికంగా నమోదయ్యేది ఇక్కడే. 1906లో సాండర్ నర్సరీ వాళ్ళు అచ్చేసిన లిస్టుతో మొదలైంది, 1961 నుంచి సొసైటీ చూస్కుంటోంది.

పేరు కొడితే తల్లి ఏది, తండ్రి ఏది, ఎవరు ఎప్పుడు రిజిస్టర్ చేశారో వచ్చేస్తుంది, పేరెంట్స్ ఇచ్చి పేరు కూడా పట్టుకోవచ్చు. అలా పేరెంట్స్‌కి పేరెంట్స్ అనుకుంటూ వెనక్కి పోతే చివరికి అడవి జాతుల దగ్గర తేలతాం, టైమ్ ఎటు పోయిందో తెలీదు.

కానీ ఇక్కడ దొరికేది గ్రెక్స్ పేరు, అంటే ఒక ఇంటిపేరు లాంటిది. అవే రెండు పేరెంట్స్‌కి పుట్టిన మొక్కలన్నిటికీ అదే పేరు, తల్లీతండ్రీ అటూఇటూ మార్చినా సరే. పాఫియోపెడిలమ్ మాడియే అనే ఆర్కిడ్ తీస్కోండి, కలోసమ్ అనే జాతిని లారెన్సియానమ్ అనే జాతితో కలిపితే వచ్చింది, 1900 నాటిది. పేరెంట్స్ రెండూ ఆల్బా (ఎరుపు, ఊదా రంగులు లేని) రకాలైతే పువ్వు ఆకుపచ్చా తెలుపూ, రంగున్న రకాలు వాడితే ముదురు మెరూన్ కూడా రావొచ్చు, పేరు మాత్రం రెండిటికీ మాడియేనే! అందుకే అమ్మేవాళ్ళు "మాడియే" అనగానే సరిపోదు, ఏ క్లోనో (అంటే ఒకే మొక్క నుంచి పిలకలుగా, కాపీలుగా పెంచినవి) అడగాలి, ఆ క్లోన్ పేర్లు ఈ రిజిస్టర్‌లో ఉండవు. ఫొటోలూ లేవు, కాబట్టి ట్యాగ్ పోయిన మొక్కని ఇక్కడ గుర్తుపడదాం అంటే కుదరదు. ఒక స్టార్ కట్ చేసింది అందుకే.

పేర్లు మారడం ఇంకో తలనొప్పి. సింగపూర్ జాతీయ పుష్పం వాండా మిస్ జోక్విమ్ ఇప్పుడు పాపిలియోనాంతే మిస్ జోక్విమ్ అయింది, జనం నోట్లో మాత్రం ఇంకా వాండానే. తప్పు రిజిస్టర్‌ది కాదులెండి, బోటనీ వాళ్ళు ప్రజాతి మారిస్తే వీళ్ళూ మార్చాలి.

కొత్త జాతి దొరికిందని ఇక్కడ అప్లై చేస్తామంటే అవ్వదు, ఆ రూటే వేరు. ఎండబెట్టిన నమూనా హెర్బేరియంలో (ఎండు మొక్కల్ని భద్రపరిచే చోట) పెట్టి, వివరణ లాటిన్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ (2012 నుంచి ఇంగ్లిష్ ఓకే) ప్రచురించాలి, ముందు ప్రచురించిన పేరే నిలుస్తుంది. 2002లో పెరూలో దొరికిన ఫ్రాగ్మిపీడియమ్ అనే ప్రజాతికి చెందిన ఓ పెద్ద ఊదా పువ్వుల ఆర్కిడ్‌కి కొద్దిరోజుల తేడాతో రెండు పేర్లు అచ్చయ్యాయి, కొవాచీ ముందొచ్చింది, పెరువియానమ్ పోయింది. అంతే.

మీరే క్రాస్ చేసి పేరు పెట్టాలనుకుంటే మాత్రం మొక్క ఫస్ట్ పువ్వు పూసేదాకా ఆగాల్సిందే, క్రాస్ వేరేవాళ్ళదైతే వాళ్ళ పర్మిషన్ కావాలి. అప్లై చేసేముందు ఆ కాంబినేషన్ ఇంతకుముందే ఎవరైనా చేసేశారేమో చూస్కోండి, లిస్టులో లక్షకి పైగా హైబ్రిడ్లున్నాయి.