ఇంట్లో వీడియోనా, పట్నంలో వర్క్‌షాపా, పక్కనున్న కాలేజీయా: లైసెన్సు పునరుద్ధరణకు దంత వైద్యులకు ఏది మేలు?

దేవరకొండలో మూడేళ్ల కింద సొంత క్లినిక్ పెట్టుకున్న నా జూనియర్ ఒకరు ఈ మధ్య రాత్రి పూట ఫోన్ చేసి, "సార్, రెన్యువల్ దగ్గరపడ్డది, పాయింట్లు తక్కువున్నయ్. ఇంట్ల కూసోని ఆన్‌లైన్‌ల చేసుకుంటే నడుస్తదా, పట్నం పోవాల్నా?" అని అడిగారు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒంటరిగా క్లినిక్ నడుపుతున్న దంత వైద్యులలో చాలామందిని వేధించే ప్రశ్న కాబట్టి, ఆయనకు ఫోన్‌లో చెప్పినదానికంటే వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో దంత వైద్యుని పేరు రాష్ట్ర దంత వైద్య మండలి రిజిస్టరులో ఉండాలన్న నియమం 1948 నాటి దంత వైద్యుల చట్టంతో వచ్చింది. ఆ చట్టం స్థానంలో జాతీయ దంత వైద్య కమిషన్‌ను ఏర్పాటు చేసే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. పట్టా పుచ్చుకున్న తర్వాత కూడా వైద్యుడు చదువుతూనే ఉండాలన్న ఉద్దేశంతోనే, గుర్తింపు పొందిన కార్యక్రమాలకు హాజరై, లైసెన్సు పునరుద్ధరణకు కావలసిన పాయింట్లు సంపాదించే పద్ధతి పెట్టారు. ఇది మనకు మాత్రమే ఉన్న భారం కాదు. బ్రిటన్‌లో దంత వైద్యులు ఐదేళ్ల కాలంలో కనీసం 100 గంటల ధ్రువీకృత శిక్షణ పూర్తి చేయాలి. ఏ రెండేళ్లు వరుసగా తీసుకున్నా అందులో కనీసం 10 గంటలు ఉండాలి కాబట్టి, అంతా చివరి ఏడాదికి నెట్టే వీలు లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రతి రెండేళ్లకు 50 గంటల శిక్షణ కావాలి. ఆ రాష్ట్రంలో పని చేస్తున్న మా మేనకోడలు చెప్పిన ఒక నియమం నా మనసులో నిలిచిపోయింది: రికార్డు చేసిన పాఠాల ద్వారా సగానికి మించి సంపాదించుకోవడానికి అక్కడ ఒప్పుకోరు, మిగతా సగం బోధకుడు అప్పటికప్పుడు ప్రశ్నకు జవాబిచ్చే ప్రత్యక్ష తరగతుల్లోనే రావాలి. ఆ సగం లెక్క మన పరిస్థితికి కూడా మంచి కొలబద్ద అని నా అభిప్రాయం.

ముందుగా ఇంట్లో చూసే పాఠాల సంగతి. వీటిని చిన్నచూపు చూడటం తప్పు. ఒకటే కుర్చీ ఉన్న క్లినిక్‌ను ఒక రోజు మూస్తే ఆ రోజు రాబడి పోవడమే కాక, నొప్పితో వచ్చినవారు తలుపు చూసి వెనుదిరిగిపోతారు. పసిపిల్లలున్న మహిళా వైద్యులకు రెండు రోజులు ఊరు దాటడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించి ఇంటికి వచ్చాక, రక్తం పలచబడే మందులు వాడుతున్న రోగికి పన్ను తీసేముందు ఏం చూసుకోవాలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో చిగుళ్ల వాపు ఎందుకు త్వరగా తగ్గదో, ఎక్స్‌రేలో దవడ ఎముక నీడను ఎలా చదవాలో తెలుసుకోవడానికి రికార్డు పాఠం కంటే అనువైనది లేదు, ఎందుకంటే అర్థం కాని చోట ఆపి మళ్లీ వినవచ్చు. ఇలాంటి విషయాల్లో హాలులో వెనుక వరుసలో కూర్చుని విన్న ఉపన్యాసం కంటే ఇదే నయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే చేతితో చేయవలసిన పనిని కంటితో నేర్చుకోలేమని నాకు ఒక మధ్యాహ్నం తెలిసివచ్చింది. మత్తు సూది ఇచ్చిన రెండు నిమిషాలకు ఒక యువకుని ముఖం తెల్లబడి, నుదుటి మీద చెమట పట్టి, తల పక్కకు వాలింది. అత్యవసర వైద్యం మీద పాఠం అంతకు కొన్ని వారాల ముందే చూసి, చివరి ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులు గుర్తించి ఉన్నాను కాబట్టి, కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు పైకి ఎత్తాలని వెంటనే గుర్తుకు వచ్చింది. కానీ ఆక్సిజన్ సిలిండర్ వాల్వు తిప్పే తాళంచెవి ఎక్కడుందో నాకు గానీ మా అసిస్టెంటుకు గానీ తెలియలేదు. దాన్ని మేం ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. అతను ఒక నిమిషంలో తనంతట తాను కళ్లు తెరిచాడు, అది మా అదృష్టం. ఆ తర్వాత బొమ్మ మీద గుండె నొక్కే శిక్షణకు వెళ్లినప్పుడు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా 6 దాటకుండా నొక్కడమంటే రెండు నిమిషాలకే భుజాలు ఎంత పట్టేస్తాయో అనుభవంలోకి వచ్చింది. బ్రిటన్‌లో అత్యవసర వైద్యంపై ఏటా కనీసం రెండు గంటలు కేటాయించమని ఎందుకు సూచిస్తారో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక హైదరాబాద్‌లో రెండు రోజుల వర్క్‌షాపు. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దూరం దాదాపు 100 కిలోమీటర్లే, పొద్దున్నే బస్సెక్కితే తరగతి సమయానికి చేరవచ్చు. కానీ ఫీజు, బస, రెండు రోజుల మూసివేత కలిపి చూసుకుంటే మూడింటిలోకి ఇదే ఖరీదైన దారి. నేర్పేవారు అనుభవజ్ఞులై, ఒక్కో బల్లకు ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉంటే ఆ ఖర్చు వృథా కాదు. ఇంప్లాంట్లు, మైక్రోస్కోపు కింద రూట్ కెనాల్ వంటి పనులు నేర్చుకోవాలంటే పట్నం పోక తప్పదు. మనసులో పెట్టుకోవలసినది ఒక్కటే: తిరిగి వచ్చాక ఆ పని చేయించుకునే రోగులు మన ఊళ్లో ఉన్నారా, దానికి కావలసిన పరికరాలు మనం కొనగలమా? నేను ఒకసారి మంచి ఫీజు కట్టి వెళ్లిన వర్క్‌షాపులో రెండో రోజు సగం సమయం ఒకే సంస్థ సామగ్రిని కొనిపించడానికే సరిపోయింది, చేతికి పని దొరికింది గంటన్నర మాత్రమే. అందుకే ఇప్పుడు డబ్బు కట్టే ముందు చేతిపని ఎన్ని గంటలని నేరుగా అడుగుతున్నాను.

మూడోది, మన దగ్గరి దంత వైద్య కళాశాలల్లో జరిగే ఒక రోజు కార్యక్రమాలు. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంత కళాశాలలున్నాయి. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి పోయి సాయంత్రం క్లినిక్ తెరిచే సమయానికి తిరిగి రావచ్చు. దూరం తక్కువన్నది చిన్న కారణం మాత్రమే. అసలు కారణం మన నేల, మన నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల బోరు నీళ్లలో తరతరాలుగా ఫ్లోరైడ్ ఎక్కువ. పటికతో, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారంటే ఈ బాధ ఎంత పాతదో ఊహించవచ్చు. మిషన్ భగీరథ నీళ్లు ఇళ్లకు వచ్చాక పరిస్థితి మారింది గానీ, చిన్నతనంలో పన్ను దవడలో తయారవుతున్నప్పుడు పడిన ఫ్లోరైడ్ మరక, పెద్దయ్యాక నీళ్లు మారినంత మాత్రాన పోదు. పెళ్లిచూపులకు నెల ముందు వచ్చి, "సార్, ఎంత తోమినా ఈ పసుపు మరక పోతలేదు" అని అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే అమ్మాయిలను ఇక్కడ పని చేసే ప్రతి వైద్యుడూ చూసి ఉంటారు.

ఇలాంటి పన్ను మీద పని వేరు. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ (పంటి మీది గట్టి పూత) పైపొర యాసిడ్‌కు సులువుగా లొంగదు, దాని కింది పొర మాత్రం గుల్లగా ఉంటుంది. మామూలు పంటికి పూసినంత సేపే పట్టు కోసం యాసిడ్ జెల్ పూసి, పైన కాంపోజిట్ (పంటి రంగులో ఉండే ఫిల్లింగ్ పదార్థం) అంటించి పంపితే అది నిలవదు. నేను తొలినాళ్లలో చేసిన ఒక వెనీర్ (పంటి ముందు భాగానికి అంటించే పలుచని పొర) మూడు వారాల్లో ఊడి, రోగి దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పైపొరను సన్నగా అరగదీయడం ఎంతవరకు, యాసిడ్‌ను ఎంత ఎక్కువ సేపు ఉంచాలి, ఏ మరకకు అరగదీత చాలు, దేనికి గుల్లల్లోకి ఇంకే రెజిన్ ద్రవం పట్టించాలి, దేనికి వెనీర్ తప్పదు అన్నవి పక్కన నిలబడిన అధ్యాపకుడు మన చెయ్యి పట్టుకుని చూపితేనే వస్తాయి. ఆ మరకల పళ్లను రోజూ ఓపీలో చూసే కాలేజీల్లో చెప్పే మాటకు, ఎక్కడో తెల్లని పళ్ల ఫొటోల మీద చెప్పే మాటకు తేడా ఉంటుంది.

కాబట్టి నా లెక్క ఇది: కావలసిన పాయింట్లలో సగానికి మించకుండా ఇంటి పాఠాలతో, మందులు, ఎక్స్‌రేలు, నీతి నియమాల వంటివాటికి, మిగతాదానిలో పెద్ద భాగం దగ్గరి కాలేజీ కార్యక్రమాలతో, పట్నం వర్క్‌షాపు రెన్యువల్ గడువు మొత్తంలో ఒక్కటి, అదీ ఊరికి తిరిగి వచ్చి మర్నాడే వాడగలిగిన పని అయితేనే. ఏ దారి ఎంచుకున్నా, ఆ కార్యక్రమానికి మన రాష్ట్ర మండలి గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి, సర్టిఫికెట్టు చేతికి వచ్చిన రోజే ఫొటో తీసి దాచుకోవాలి.

దేవరకొండ జూనియర్‌కు ఇదంతా చెప్పాక, కాలేజీ కార్యక్రమానికే పేరు ఇస్తానన్నారు. చేతిపని కోసం తీసిన పళ్లు వెంట తెచ్చుకోమని అడుగుతారు కాబట్టి, ఈ నెలలో తను తీసే పళ్లలో మరక పట్టినవాటిని పారేయకుండా శుభ్రం చేసి, ఎండిపోకుండా ఉప్పునీళ్ల సీసాలో ఉంచి, అమాల్గం (పాదరసం కలిసిన) ఫిల్లింగ్ లేనివాటిని ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో, క్రిములు లేకుండా చేసి తీసుకురమ్మన్నాను. నిన్నటికి ఏడు పోగయ్యాయట.