గంట విమానానికి తొమ్మిది గంటల ప్రయాణం

విశాఖపట్నం నుంచి హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్‌కు ఆకాశమార్గాన దూరం సుమారు 510 కిలోమీటర్లు. టికెట్ మీద ప్రయాణకాలం గంటా 15 నిమిషాలని ఉంటుంది; అందులో విమానం గాలిలో ఉండేది గంటకు కాస్త అటూ ఇటూ, మిగిలినది విమానం రన్‌వే వరకు వెళ్ళడానికీ, దిగాక ఆగే చోటికి చేరడానికీ పోతుంది. చలికాలంలో పైగాలులు పడమటి నుంచి వీస్తాయి గనుక వెళ్ళేటప్పటికంటే తిరిగి వచ్చేటప్పుడు కొన్ని నిమిషాలు కలిసి వస్తాయి. అయితే శ్రీకాకుళం వాళ్ళకు అసలు లెక్క ఈ గంటలో లేదు.

అక్కయ్యగారి గృహప్రవేశానికి కూకట్‌పల్లి వెళ్ళవలసి వచ్చి, మధ్యాహ్నం 2.50 విమానానికి నేనూ మా ఆవిడా ఉదయం 9.30కే శ్రీకాకుళంలో ఆర్టీసీ బస్సు ఎక్కాము. రణస్థలం, భోగాపురం, తగరపువలస మీదుగా విశాఖలోని మద్దిలపాలెం చేరేసరికి 12 గంటలైంది. అక్కడి నుంచి విమానాశ్రయం పట్టుమని పన్నెండు కిలోమీటర్లు లేదు గాని, ఎన్‌ఏడీ కూడలి మీదుగా ఆటోలో 40 నిమిషాలు పట్టింది. కారులో వెళ్ళేవారు ఆనందపురం దగ్గరే పెందుర్తి వైపు తిరిగితే నగరం రద్దీ చాలావరకు తప్పుతుంది.

శంషాబాద్‌లో సామాను చేతికందేసరికి 4.40. అక్కడి నుంచి నగరంలోకి వెళ్ళే ఆర్టీసీ పుష్పక్ బస్సు శుభ్రంగా, చల్లగా ఉంది. క్యాబ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, పైగా పెట్టెలు పెట్టుకోవడానికి చోటుంది. ఇంటి గుమ్మం తొక్కేసరికి 6.40 దాటింది. అంటే తొమ్మిది గంటలకు పైగా ప్రయాణం, గాలిలో ఉన్నది ఒక్క గంట.

అంతకుముందొకసారి తెల్లవారుజాము విమానం చవకని కొని, ముందు రోజు రాత్రి ఎన్‌ఏడీ దగ్గర ఒక లాడ్జిలో దిగాము. లిఫ్టు లేదు, వేడినీళ్ళు ఆరు దాటితే గాని రావన్నారు. టికెట్‌లో మిగిలిన డబ్బు గది అద్దెకే సరిపోయింది. విశాఖ నుంచి వందేభారత్ రైలు సికింద్రాబాద్‌కు ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల్లో చేరుస్తుంది. కానీ ఉదయం బండి అందుకోవాలంటే మనకు ఇదే లాడ్జి అవస్థ.

తిరుగు ప్రయాణం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రైలులో చేశాము. 13 గంటలు దాటినా అందులో సగానికి పైగా నిద్రలోనే గడిచింది, పైగా మధ్యలో దిగి ఎక్కే పని లేదు. పెద్దవారు వెంట ఉంటే నేను రైలుకే ఓటు వేస్తాను. ఒకే రోజు పనైతే విమానం తప్పదు.

భోగాపురంలో 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన కొత్త విమానాశ్రయం మేము వెళ్ళిన నాటికి ఇంకా నిర్మాణంలోనే ఉంది. అది మా ఊరికి సుమారు 60 కిలోమీటర్లు. ఆ రోజు మా బస్సు దాని దరిదాపుల నుంచే వెళ్ళింది. అక్కడే దిగగలిగి ఉంటే గంటన్నర మిగిలేదని మా ఆవిడ మద్దిలపాలెం వరకు లెక్క కడుతూనే ఉంది.